మథిలి ఠాణా ముందు రామయ్య: ఒడిశా సరిహద్దు నుంచి బ్రిటిష్ పాలనను మళ్లీ చూస్తే

1942 ఆగస్టు 21. క్విట్ ఇండియా పిలుపు వచ్చి ఇంకా రెండు వారాలు కాలేదు. ఇప్పటి మల్కనగిరి జిల్లాలో ఉన్న మథిలి పోలీస్ ఠాణా మీద కాంగ్రెస్ జెండా ఎగరేస్తామని గిరిజనులు గుంపుగా కదిలారు. ముందు నడిచింది టెంటులిగుమ్మకు చెందిన భూమియా తెగ నాయకుడు లక్ష్మణ్ నాయక్. పోలీసులు కాల్పులు జరిపారు, జనం చనిపోయారు. ఆ గొడవలోనే జి. రామయ్య అనే ఫారెస్ట్ గార్డు కూడా చనిపోయాడు. అతన్ని చంపింది లక్ష్మణ్ నాయకే అని కేసు పెట్టి, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు. ఆ కేసు కల్పితమన్నదే ఒడిశాలో స్థిరపడిన అభిప్రాయం. కోరాపుట్ ప్రభుత్వ వైద్య కళాశాలకు ఇవాళ ఆయన పేరే ఉంది.

రామయ్య గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. పేరు తెలుగువాళ్లకు బాగా పరిచయమైన పేరే. సరిహద్దుల్లో ఒక్క పేరును పట్టుకుని మనిషి భాష తేల్చడం కుదరదు కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. కానీ గిరిజనుడి ఊళ్లోకి వచ్చి అడవి నాదనే సర్కారు, దాని తరఫున లాఠీ పట్టుకున్న చిన్న ఉద్యోగి, ఆ ఉద్యోగికి కొండ దిగువ నుంచి వచ్చిన పేరు... ఈ మూడూ కలిసి కనిపించడం యాదృచ్ఛికం కాదు. ఈ ప్రాంతంలో బ్రిటిష్ పాలనను తిరిగి అంచనా వేయాలంటే లక్ష్మణ్ నాయక్‌తో పాటు రామయ్యను కూడా చూడాలి.

బ్రిటిష్ పాలన అనగానే మనవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టు కోహినూరుతో మొదలుపెట్టి కరువుల దాకా దోపిడీ చిట్టా విప్పుతుంది. రెండో జట్టు రైళ్లు, కోర్టులు, ఇంగ్లిష్ చదువు చూపించి వాళ్లు రాకపోతే మన గతేంటి అంటుంది. మొదటి జట్టు చెప్పేదాంట్లోనే నిజం ఎక్కువ, అందులో మొహమాటం అక్కర్లేదు. కానీ గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల చరిత్ర ఆ చిట్టాలో సరిగా ఇమడదు. ఇక్కడ తెల్లదొర చాలామందికి జీవితకాలంలో ఒకసారి కూడా కనపడలేదు. కనపడింది జమీందారు, అమీను, గుమస్తా, జవాను, షావుకారు. వలస పాలన వాళ్ల చేతులతోనే నడిచింది. ఆ చేతుల్లో తెలుగు చేతులు తక్కువేం కాదు.

ఈస్టిండియా కంపెనీ ఇక్కడికి వచ్చిన తీరే అలాంటిది. 1758 డిసెంబరులో కర్నల్ ఫోర్డ్ సేనలు చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లను ఓడించాయి. ఆ యుద్ధంలో ఇంగ్లిష్ వాళ్ల పక్కన నిలబడింది విజయనగరం రాజా ఆనంద గజపతి. 1765లో మొగలు పాదుషా ఫర్మానా, మరుసటి ఏడు నిజాంతో ఒప్పందం, దాంతో ఉత్తర సర్కారులనే ఈ తీర జిల్లాలు కాగితం మీద కంపెనీవయ్యాయి. గంజాంలో మొదటి రెసిడెంటుగా ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ 1768లో దిగాడు. అదే ఏడు పర్లాకిమిడి నారాయణ దేవ్ ఎదురు తిరిగితే కర్నల్ పీచ్ జలుమూరు దగ్గర ఓడించాడు. ఆ తర్వాత కూడా పర్లాకిమిడి, గుంసూరు కొండల్లో కంపెనీ మాట చెల్లడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంలో అయిపోయే 'సర్కారుల స్వాధీనం' ఇక్కడ మూడు తరాల పోరు.

1802 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ జిల్లాల్లో శాశ్వత శిస్తు బందోబస్తు వచ్చింది. జమీందారు ఏటా కట్టాల్సిన పేష్కష్ ఇంత అని ఒకసారి నిర్ణయిస్తే ఇక మారదు. రైతు దగ్గర ఎంత వసూలు చేసుకుంటాడన్నది చాలావరకు జమీందారు ఇష్టం. దీని లోతు తెలియాలంటే జయపురం సంస్థానం లెక్క చూడాలి. దాని పేష్కష్ 16,000 రూపాయలు. ఆ సంస్థానం విస్తీర్ణం దాదాపుగా పాత అవిభక్త కోరాపుట్ జిల్లా, అంటే నేటి కోరాపుట్, రాయగడ, నవరంగపురం, మల్కనగిరి నాలుగూ కలిపినంత. మొదట్లో రాబడి కూడా తక్కువే, నిజమే. కానీ రోడ్లు పడి, కలప అమ్ముడుపోయి, శిస్తులు పెరిగినా పేష్కష్ కదల్లేదు. 1930లలో జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల చొప్పున విరాళం ఇచ్చారు. విశాఖలో సైన్సు కళాశాలకు ఆయన పేరు పెట్టారు. ఆ దాతృత్వాన్ని తక్కువ చేయనక్కర్లేదు, దానివల్ల చదువుకున్న తెలుగు పిల్లలు వేలల్లో ఉన్నారు. అయినా సర్కారుకు కట్టేదానికి ఆరు రెట్ల పైన ఒక్క విరాళమే ఇవ్వగలిగిన ఎస్టేటు కింద కోదు, పరజ, గదబ గిరిజన రైతులు ఏం కట్టారో, ఎంత వెట్టి చేశారో అడగాలి కదా. తెలుగువాళ్ల విశ్వవిద్యాలయానికి పునాది రాళ్లలో కొన్ని ఆ కొండల నుంచి వచ్చాయి.

కొండల్లో పాలన వేరేగా నడవాలని కంపెనీ నిర్ణయించుకున్నది కూడా ఇక్కడి అనుభవంతోనే. 1832లో పర్లాకిమిడి ప్రాంతం అట్టుడికింది. మద్రాసు ప్రభుత్వం జార్జ్ రసెల్‌ను ప్రత్యేక కమిషనరుగా పంపింది. ఆయన తిరుగుబాట్లు అణిచాడు, వెంటనే గుంసూరులో యుద్ధం వచ్చింది, 1837 దాకా సాగింది. మైదానాల చట్టాలు, కోర్టులు కొండల్లో పనికిరావన్నది రసెల్ సలహా. 1839లో 24వ చట్టం వచ్చింది. గంజాం, విశాఖ జిల్లాల కొండ ప్రాంతాలు మామూలు చట్టాల నుంచి బయటికి పోయాయి. అక్కడ కలెక్టరే గవర్నరు ఏజెంటు, పోలీసు ఆయనే, జడ్జీ ఆయనే. మనం ఇవాళ్టికీ ఏజెన్సీ అంటున్నది ఆ ఏజెంటు పేరు మీదే.

గుంసూరు యుద్ధంతోనే మరో సంగతి బయటపడింది. కోదుల్లో మెరియా అనే నరబలి ఆచారం ఉందని సైన్యంతో వెళ్లిన అధికారులు రాశారు. 1845లో దాన్ని అణచడానికి ప్రత్యేక ఏజెన్సీ పెట్టారు. కాంబెల్, మెక్‌ఫర్సన్ అనే ఇద్దరు అధికారులు ఒకరి పద్ధతిని ఒకరు తిట్టుకుంటూ ఆ పని చేశారు. బ్రిటిష్ పాలనను వెనకేసుకొచ్చే వాళ్లకు ఇది మంచి ఉదాహరణ. బలికి సిద్ధంగా ఉంచిన పిల్లల్ని వందల సంఖ్యలో విడిపించిన మాట వాస్తవం, దాన్ని కాదనే జాతీయవాదం అక్కర్లేదు. కానీ ఆ దారినే కొండ మీదికి సైన్యం వచ్చింది, ఊళ్లు తగలబడ్డాయి. సైన్యం వెనక రోడ్డు, రోడ్డు వెనక సారా కాంట్రాక్టు, ఉప్పూ పొగాకూ తెచ్చిన వ్యాపారి వచ్చారు. మెరియా పోయింది. దాని స్థానంలో వచ్చిన అప్పు మాత్రం పోలేదు.

అప్పు సంగతి దగ్గరగా చూడాలి. కొండమీద గిరిజనుడికి కావాల్సింది ఉప్పు, బట్ట, ఇనుము, పెళ్లికీ చావుకీ నాలుగు రూపాయలు. ఇచ్చేవాడు కోమటి షావుకారో, సారా అమ్మే సొండివాడో. కొలత వాడిదే, లెక్కా వాడిదే. పంట చేలోనే షావుకారుది అయిపోయేది. తర్వాత చేను పోయేది. చేను కూడా లేకపోతే మనిషే గోతీకి కుదిరేవాడు, అప్పు తీరేదాకా చాకిరీ, ఆ అప్పు ఎప్పటికీ తీరదు. తెల్ల అధికారి ఇందులో ఎక్కడా లేడు. కానీ బాకీ దావా వేస్తే డిక్రీ ఇచ్చేది అతని కోర్టు, ఆస్తి జప్తు చేసేది అతని అమీను. అందుకే 1917లో మద్రాసు ప్రభుత్వమే ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చింది. వడ్డీ ఏటా నూటికి 24కు మించకూడదు, చక్రవడ్డీ కుదరదు, ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనుడి భూమి గిరిజనేతరుడు కొనకూడదు. కాగితం మీద ఎంతో దయగల చట్టం. దయ ఎందుకొచ్చిందంటే, భూములు పోయిన కొండజాతులు తిరగబడితే సైన్యం ఖర్చు భరించాల్సింది సర్కారే. 1879–80 రంప తిరుగుబాటు మల్కనగిరి దాకా పాకిన జ్ఞాపకం మద్రాసుకు ఇంకా పోలేదు.

ఈ చట్టం ఎవరి నుంచి గిరిజనుడిని కాపాడాలనుకుంది? లండన్ బ్యాంకుల నుంచి కాదు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి ఘాటు ఎక్కి వచ్చిన వాళ్ల నుంచి, కటకం వైపు నుంచి వచ్చిన ఒడియా వాళ్ల నుంచి. రాయగడ, గుణుపురం, జయపురం బజార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల తాతలు అందరూ వడ్డీ వ్యాపారులేం కాదు. బడి పంతుళ్లున్నారు, నేతగాళ్లున్నారు, కూలీలున్నారు. అయినా ఆ బజార్ల పుట్టుకకీ వలస పాలనకీ పేగు బంధం ఉంది. స్వాతంత్ర్య దినోత్సవ ఉపన్యాసాల్లో 'మనల్ని దోచుకున్నారు' అన్నప్పుడు ఆ 'మనం' అనే మాటలో కొండమీది సవర గిరిజనుడు, కిందున్న షావుకారు ఒకటే అయిపోతారు. సవర లెక్కలో ఇద్దరూ ఒకటి కాదు.

అడవి విషయం ఇంకా సూటిగా ఉంటుంది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత రిజర్వు అడవి అనే గీత పడింది. పోడు కొట్టకూడదు, కర్ర తేకూడదు, పశువుల్ని తోలకూడదు. సంస్థానాలూ తమ అడవుల్లో ఇదే పద్ధతి నేర్చుకున్నాయి. పశువు గీత దాటిందా, గార్డుకు కోడి, బియ్యం, సారా. లేకపోతే జరిమానా. చిన్న జీతగాడు ఆ కొండలో చక్రవర్తి. మథిలిలో జనం కోపం ఏ గీతల మీద పెరిగిందో చెప్పడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. ఇంకో విషయం, లక్ష్మణ్ నాయక్ తండ్రి కూడా జయపురం సంస్థానం కింద కొన్ని ఊళ్ల పెత్తనం చూసే ముఠాదారే. అంటే ఈ అంచెల పాలనలో అట్టడుగు మెట్టు మీద ఉన్న కుటుంబం నుంచే తిరుగుబాటు వచ్చింది. పై మెట్ల వాళ్లు ఏం చేశారన్నది తర్వాత చూద్దాం.

రైళ్ల సంగతి ఇక్కడ ఎవరితో మాట్లాడినా వస్తుంది. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900 ఏప్రిల్ 1న చిన్న రైలు మొదలైంది. రెండున్నర అడుగుల గేజి. 1931కి గుణుపురం చేరింది. ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది గానీ, పెద్దవాళ్ల మాటల్లో ఇంకా ఆ బుల్లి బండే నడుస్తుంది. అది బ్రిటిష్ వాళ్లు వేసింది కాదు. అనుమతి వాళ్లది, సుమారు ఏడు లక్షల ఖర్చు పర్లాకిమిడి గజపతులది. గజపతుల డబ్బంటే ఎస్టేటు రైతుల శిస్తు. మద్రాసు–కలకత్తా పెద్ద లైను కూడా దానంగా రాలేదు. దేశంలో రైలు కంపెనీలకు లాభం రాకపోయినా వడ్డీ గ్యారంటీ ఇచ్చి, అది భారత ఖజానా నుంచే కట్టడం మొదటి నుంచీ ఉన్న అలవాటు. 1866 కరువులో ఒడిశా విభాగంలో పది లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. బయటి నుంచి బియ్యం తెప్పించడానికి అధికారులు సకాలంలో ఒప్పుకోలేదు, ఒప్పుకునేసరికి వానలొచ్చి దారులు మూసుకుపోయాయి. గంజాం కూడా ఆ దెబ్బ తింది. ఈ తీరానికి రైలు వచ్చింది ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు. గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహాలకు దండలు వేస్తారు. గంజాం రైతుకు అలాంటి దొర దొరకలేదు, రుషికుల్య కాలువలు కూడా 19వ శతాబ్దం చివరికి గానీ రాలేదు. ఒకే ప్రెసిడెన్సీలో రెండు తెలుగు ప్రాంతాల జ్ఞాపకాలు ఇంత వేరుగా ఉండడానికి కారణం అదే.

కాలువలు లేని చోట ఓడలు వచ్చాయి. గోపాలపూర్ రేవు నుంచి రంగూన్‌కు స్టీమర్లు కూలీలను మోసుకెళ్లాయి. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లలో తెలుగువాళ్లదే పెద్ద వాటా. కోరంగీలు అని వాళ్లను పిలిచేవాళ్లు. 1930 మేలో కూలి పెంచమని వాళ్లు సమ్మె చేస్తే బర్మీయులను పనిలోకి దించారు. సమ్మె తీరాక పాతవాళ్లను తిరిగి తీసుకోవడంతో గొడవ పుట్టి వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువగా తెలుగు కూలీలు. 1942లో జపాన్ వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు అడవుల గుండా నడిచి వెనక్కి వచ్చారు. దేశ స్వాతంత్ర్య చరిత్రలో వీళ్లకు పేజీ లేదు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాదే రంగూన్ రేవులో ఆ మారణకాండ జరిగిందని గుర్తుచేసే వాళ్లు కూడా తక్కువే.

ఉప్పు సత్యాగ్రహం ఇక్కడా జరిగింది. గంజాం తీరంలో హుమ్మా దగ్గర ఉప్పు చట్టాన్ని ధిక్కరించారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం 1805 నాటిది. హుమ్మా, నౌపడా ఉప్పు మడుల్లో పనిచేసే వాళ్లకు అది పుస్తకంలో చదివిన అన్యాయం కాదు. బరంపురం వకీళ్ల ఇళ్లలో జాతీయోద్యమం ఇంకో రూపంలో పెరిగింది. 1894లో అక్కడ పుట్టిన వి.వి. గిరి తండ్రి జోగయ్య పంతులు పేరున్న ప్లీడరు, కాంగ్రెస్ మనిషి. గిరి లా చదవడానికి డబ్లిన్ వెళ్లి, 1916 ఐరిష్ తిరుగుబాటు తర్వాత ఆ దేశం వదలాల్సి వచ్చింది. తిరిగొచ్చి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజానే ఓడించి మద్రాసు కార్మిక మంత్రి అయ్యారు. విచిత్రమేమిటంటే, అప్పటికి ఆయన పుట్టిన ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో లేదు, ఒడిశాలోకి పోయింది.

అదే కాలంలో రైతులు వేరే దారి పట్టారు. 1937లో రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురంలో బయల్దేరి మద్రాసు దాకా నడిచింది. వాళ్లు అడిగింది జమీందారీల రద్దు. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలో అడవి కర్ర గొడవ మీద పోలీసులు కాల్చినప్పుడు గున్నమ్మ అనే గర్భిణి మరికొందరితో పాటు చనిపోయింది. అడవి జమీందారుది, తుపాకీ బ్రిటిష్ వాళ్లది. వలస పాలన అంటే ఏమిటో ఇంతకన్నా తేటగా చూపించే సంఘటన ఈ తీరంలో లేదు. బరంపురం సభల్లో స్వరాజ్యం అంటే తెల్లవాడు పోవడం. మందసలో స్వరాజ్యం అంటే కర్ర తెచ్చుకునే హక్కు. మథిలిలో గార్డు పోవడం. కాంగ్రెస్ ఈ మూడిటినీ ఒకే జెండా కింద పెట్టగలిగింది, అది చిన్న పనేం కాదు. అయితే మొదటిది నెరవేరగానే మిగతా రెండూ నెరవేరాయని అనుకోవడం పట్నం వాళ్ల సౌకర్యం.

ఇక 1936. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. మొదట హద్దులు తేల్చడానికి వేసిన ఓడొనెల్ కమిటీ, తర్వాత బ్రిటిష్ పార్లమెంటు సంయుక్త సంఘం గంజాంలో ఎక్కువ భాగాన్ని, జయపురాన్ని, పర్లాకిమిడి ఎస్టేటులో కొంత భాగాన్ని పట్నంతో సహా ఒడిశాకు ఇచ్చాయి. ఒడియా వాళ్ల కోరిక న్యాయమైనదే. మూడు నాలుగు రాష్ట్రాల్లో చెల్లాచెదరై, ప్రతి చోటా ఇంకొకరి భాషలో అర్జీ పెట్టుకునే జనం తమకో రాష్ట్రం కావాలనడంలో తప్పేముంది? మద్రాసు కింద ఉన్నప్పుడు గంజాం కచేరీల్లో తెలుగు గుమస్తాల పెత్తనం మీద వాళ్ల ఫిర్యాదు కూడా ఊరికే పుట్టలేదు. తెలుగువాళ్లు ఈ భాగం చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు. గీత ఎవరు గీశారన్నదే గొడవ. రైతులెవరినీ అడగలేదు. పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లి రాష్ట్రం అడిగారు, 1937లో కాంగ్రెస్ పదవులు వద్దన్నప్పుడు ఒడిశా తొలి ప్రధాని (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు) అయ్యారు. ఎస్టేటు రెండు ముక్కలైంది. పర్లాకిమిడి పట్నం ఇవతల ఒడిశాలో, పాతపట్నం అవతల మద్రాసులో. అత్తగారిల్లు ఒక రాష్ట్రంలో, పుట్టిల్లు ఇంకో రాష్ట్రంలో ఉన్న కుటుంబాలు రాత్రికి రాత్రి తయారయ్యాయి.

గిడుగు రామమూర్తి పంతులు ఆ రోజుల్లోనే పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. యాభై ఏళ్లకు పైగా అక్కడే ఉండి, రాజా వారి బడిలో పాఠాలు చెప్పి, సవరలతో తిరిగి వాళ్ల భాష నేర్చి, వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టించారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చువేసింది, బ్రిటిష్ ప్రభుత్వం నుంచి కైసర్–ఇ–హింద్ పతకం కూడా వచ్చింది. సవర గుడిసె మీద జరిమానా వేసిన ప్రభుత్వమే సవర వ్యాకరణం అచ్చువేయడం వలస పాలనలో మామూలే. జనం భాష తెలిస్తే పాలన సులువవుతుంది. గిడుగు వారి ఉద్దేశం మాత్రం అది కాదు. ఘాటు ఎక్కిన తెలుగువాళ్లలో షావుకారులే కాక ఇలాంటి వాళ్లూ ఉన్నారని చెప్పడానికి ఆయన ఒక్కరు చాలు. పర్లాకిమిడి తెలుగు సభల్లో ఆయన వ్యావహారిక భాషోద్యమం గురించి ఎంత చెప్పుకుంటారో, సవర పని గురించి అందులో పదోవంతు చెప్పుకోరు.

1936 గీత అన్ని చోట్లా సరిగా పడలేదు. కోరాపుట్ జిల్లా పొట్టంగి వైపు, పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు వైపు మధ్య ఉన్న కొటియా ఊళ్లు ఎవరివన్నది ఇప్పటికీ తేలలేదు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది, యథాతథ స్థితి కొనసాగించమని ఆదేశం వచ్చింది. 2006లో కేసు ముగిసినా హద్దు తేలలేదు. ఇరవై పైచిలుకు ఊళ్లు. చాలామంది చేతుల్లో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు చోట్లా ఓటు. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా కోర్టుకెక్కింది. బయటి వాళ్లకు ఇది తెలుగు–ఒడియా గొడవలా కనిపిస్తుంది. అక్కడ ఉండేది ఎక్కువగా కోదులు. ఏ రాష్ట్రం రోడ్డు ముందు వేస్తే ఆ రాష్ట్రం అధికారితో మర్యాదగా మాట్లాడటం వాళ్లకు తెలిసిన రాజనీతి.

భూమి చట్టానికీ అంతే ఆయుష్షు. 1917 చట్టం స్థానంలో ఒడిశా 1956లో షెడ్యూల్డు ప్రాంతాల భూబదిలీ నిబంధన తెచ్చింది, అందులోనూ అధికారి అనుమతి ఉంటే గిరిజనుడు భూమి అమ్మొచ్చన్న సందు ఉండేది. 2002లో ఆ సందు మూశారు. 2023 నవంబరులో, సబ్ కలెక్టరు అనుమతితో గిరిజనేతరులకు అమ్ముకోవచ్చనే సవరణకు ఒడిశా మంత్రివర్గం ఒప్పుకుంది. గిరిజన సంఘాలు, ప్రతిపక్షాలు గట్టిగా ఎదురు తిరగడంతో కొద్ది రోజుల్లోనే పక్కన పెట్టింది. 1917లో ఏజెంటు చేతిలో పెట్టిన సంతకాన్నే నూటఆరేళ్ల తర్వాత సబ్ కలెక్టరు చేతికి తిరిగివ్వబోయారు. ఆ సంతకం కోసం కచేరీ గుమ్మంలో నిలబడే కొనుగోలుదారులు రాయగడ, గుణుపురం, జయపురం బజార్లలో ఇవాళా ఉన్నారు. వాళ్లలో కొందరు ఇంట్లో తెలుగే మాట్లాడతారు.